హీరో పాత్రకి సహాయ నటుడి ఆస్కార్ ఇవ్వొచ్చా? కీరన్ కల్కిన్, జోయీ సల్దానా సంగతి తేల్చండి

రీలుపెట్టె

అవార్డుల సీజన్ వచ్చిందంటే ఎవరు లీడ్, ఎవరు సపోర్టింగ్ అన్నది స్టూడియోలే ప్రకటించేస్తాయి. మనం కూడా ఆ లెక్కలోనే అంచనాలు వేసుకుంటూ కూర్చుంటాం. ఆ లెక్కే తప్పని నేనంటాను.

2025 మార్చి 2న జరిగిన 97వ ఆస్కార్ వేడుకనే తీసుకోండి. కీరన్ కల్కిన్, జోయీ సల్దానా గెలిచిన సహాయ నటుడు, సహాయ నటి అవార్డులు రెండూ ప్రధాన పాత్రలకే వెళ్లాయి. ‘ఎ రియల్ పెయిన్’ చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతా. ఇద్దరు కజిన్స్, డేవిడ్, బెంజీ. చనిపోయిన బామ్మ ఒకప్పుడు ఉన్న ఇల్లు చూడటానికి పోలాండ్ వెళ్తారు. డేవిడ్‌గా జెస్సీ ఐసెన్‌బర్గ్, బెంజీగా కీరన్ కల్కిన్. గంటన్నర సినిమాలో సగానికి పైగా బెంజీ తెర మీదే ఉంటాడు. సహాయ నటుడు అంటున్నారు సరే, ఎవరికి సహాయం? ఆ సినిమా నుంచి ఉత్తమ నటుడి నామినేషన్ ఎవరికీ రాలేదు కూడా!

‘ఎమిలియా పెరెజ్’లో జోయీ సల్దానా సంగతి ఇంకా స్పష్టం. కథ ఆమె చేసిన లాయర్ రీటాతోనే మొదలవుతుంది. లీడ్‌గా నామినేట్ అయిన కార్లా సోఫియా గాస్కాన్ కంటే ఆమే తెర మీద ఎక్కువసేపు ఉంటుంది. 2024 కాన్ సినిమా ఉత్సవంలో ఆ సినిమాలోని నలుగురు నటీమణులకీ కలిపి ఒకే ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు. అక్కడ ఎవరినీ ‘సహాయం’ అనలేదు.

వాళ్లిద్దరూ బాగా చేయలేదని నేను అనడం లేదు. అద్భుతంగా చేశారు. నా బాధ మిగతావాళ్ల గురించి. ‘కాన్‌క్లేవ్’లో ఇసబెల్లా రోసెల్లినిని గుర్తు తెచ్చుకోండి. సిస్టర్ ఆగ్నెస్‌గా ఆమెకి పట్టుమని పది నిమిషాల పాత్ర కూడా లేదు. భోజనాల గదిలో అంతమంది కార్డినల్స్ ముందు నిలబడి, చెప్పాల్సింది గొంతు పెంచకుండా చెప్పేసి, చివర్లో మోకాళ్లు కొంచెం వంచి ఒక్క చిన్న నమస్కారం పెట్టి వెళ్లిపోతుంది. అంతే. ఆ వంగడంలో వినయమూ ఉంది, మీ సంగతి నాకు తెలుసులే అన్న పొగరూ ఉంది. సహాయ నటన అంటే నాకు ఇది. పది నిమిషాల్లో ఇది చేసిన మనిషిని సినిమా మొత్తం మోసిన పాత్రతో పోటీకి దింపడం న్యాయమా?

డల్లాస్ మాటినీ

మీ ఆవేదన అర్థమైంది కానీ నేను ఒప్పుకోను, అన్నా. నిమిషాలు లెక్కబెట్టి లీడ్ ఎవరో తేల్చలేం. ‘సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్’లో ఆంథోనీ హాప్కిన్స్ కనిపించేది పదహారు నిమిషాలకి అటూ ఇటూ. ఉత్తమ నటుడు ఇచ్చారు, ఎవరూ కాదనలేదు.

నా కొలత వేరు. కథని ఎవరి కళ్లతో చూస్తున్నామన్నదే అసలు ప్రశ్న. ‘ఎ రియల్ పెయిన్’లో మనం డేవిడ్ పక్కన కూర్చుని బెంజీని చూస్తాం. బెంజీ మీద ప్రేమ, అసూయ, భయం అన్నీ డేవిడ్‌వే. రెస్టారెంట్‌లో బెంజీ టేబుల్ దగ్గర లేనప్పుడు డేవిడ్ మిగతా టూరిస్టుల ముందు మనసు విప్పే సీన్ ఉంది చూడండి, సినిమా గుండె అక్కడుంది. బెంజీ మనసులో ఏముందో మనకి చివరిదాకా తెలియదు. తెలియకుండా ఉంచడమే ఆ పాత్ర పని. అలాంటి పాత్ర ఎంతసేపు కనిపించినా సపోర్టింగే.

సెకండ్‌షో

డల్లాస్ బ్రోతో సగం ఏకీభవిస్తా. బెంజీ విషయం వాదించుకోవచ్చు. రీటా విషయం మాత్రం వాదించడానికి ఏమీ లేదు. మీ కళ్ల లెక్కే తీసుకున్నా ‘ఎమిలియా పెరెజ్’ చూసేది రీటా కళ్లతోనే కదా? విందులో ఎర్ర సూట్‌లో బల్లల మీదకెక్కి ఆ పెద్దమనుషుల్ని ఒక్కొక్కడినీ కడిగేసే పాట సినిమాకే హైలైట్, పాడి ఆడింది ఆమె. లీడ్ కాకపోతే ఇంకేంటి.

రీలుపెట్టె

డల్లాస్ గారూ, హాప్కిన్స్ ఉదాహరణ ఒప్పుకుంటున్నా. నిమిషాల లెక్క ఒక్కటే సరిపోదు.

కానీ మీ కళ్ల లెక్క ప్రకారమే ఒకసారి చూద్దాం. సినిమా మొదలయ్యేది ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్న బెంజీ ముఖం మీద. చివర్లో డేవిడ్ ఇంటికి వెళ్లిపోతాడు, భార్యాబిడ్డల దగ్గరికి. అక్కడితో ఆగిపోతే అది డేవిడ్ సినిమా. కానీ ఆగలేదు. మళ్లీ ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేని బెంజీ ముఖం మీద ముగించారు. అప్పుడు అతన్ని చూడటానికి పక్కన డేవిడ్ లేడు. మనమే ఉన్నాం. ఒక మనిషి ముఖంతో మొదలుపెట్టి, అదే ముఖంతో ముగించి, ఆ మనిషిని సైడ్ క్యారెక్టర్ అంటే ఎలా?

ఇది కొత్త జబ్బు కాదని తెలుసు. ‘గాడ్‌ఫాదర్’కి మార్లన్ బ్రాండో ఉత్తమ నటుడు. ఆయన కంటే ఎక్కువసేపు కనిపించే, కథ మొత్తం ఎవరి పతనమో ఆ మైకేల్‌ని చేసిన అల్ పచీనో సహాయ నటుడి విభాగంలో. అదే విభాగంలో జేమ్స్ కాన్, రాబర్ట్ డువాల్ కూడా. ముగ్గురికీ రాలేదు, ‘క్యాబరే’లో చేసిన జోయెల్ గ్రేకి వచ్చింది. 1973లో జరిగిన తప్పుని 2025లోనూ చేస్తున్నారనే నా కోపం.

నేలటికెట్టు

నేను ఇంకోవైపు నుంచి చెప్తాను, దయచేసి తొందరపడి కొట్టిపారేయకండి.

లీడ్ అని చెప్పుకునే ధైర్యం అందరికీ ఒకేలా ఉండదు. లిల్లీ గ్లాడ్‌స్టోన్ ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’కి సపోర్టింగ్‌లో వెళ్లినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆమె లీడ్‌లోనే నిలబడింది. అమెరికా మూలవాసుల నుంచి ఉత్తమ నటి నామినేషన్ అందుకున్న తొలి మహిళ అయ్యింది. కానీ అవార్డు ఎమ్మా స్టోన్‌కి వెళ్లిపోయింది. నిజాయితీగా ఉన్నందుకు ఆమెకి ఏం దక్కింది? మరోవైపు వయోలా డేవిస్ ‘ఫెన్సెస్’కి సపోర్టింగ్‌లో వెళ్లి ఆస్కార్ తీసుకుంది. 2010లో బ్రాడ్‌వే నాటకంలో అదే పాత్రకి లీడ్ విభాగంలో టోనీ (నాటకాలకిచ్చే అవార్డు) గెలిచిన మనిషి ఆమె! ఆ సంగతి ఎత్తితే ఇంకో సంగతి కూడా ఎత్తాలి. 1987లో అదే పాత్ర చేసిన మేరీ ఆలిస్‌కి వచ్చింది సహాయ విభాగం టోనీ. ఒకే పాత్ర, ఒకే డైలాగులు, అవార్డు ఇచ్చేవాళ్లే ఒకసారి అటు పెట్టారు, ఒకసారి ఇటు పెట్టారు.

సల్దానా వేదిక మీద ఏడుస్తూ, డొమినికన్ మూలాలున్న అమెరికన్లలో ఆస్కార్ అందుకుంటున్న మొదటి మనిషిని నేనే అని చెప్పింది. నాకూ కళ్లు చెమర్చాయి. అలాంటివాళ్లకి ఆ తలుపు ఒక్కటే తెరుచుకుంటే, ఆ తలుపులోంచే రావొద్దని నేను చెప్పలేను.

పాత బాల్కనీ

ఓట్ల పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను. అసలు కిటుకు అక్కడే ఉంది.

రూల్ ప్రకారం ఎవరు లీడో స్టూడియో నిర్ణయించదు. ఆస్కార్ ఇచ్చే అకాడమీలో నామినేషన్ వేసే నటుల శాఖ సభ్యుడు ఏ పాత్రనైనా ఏ విభాగంలోనైనా రాయొచ్చు. ఒకే పాత్రకి రెండు విభాగాల్లోనూ ఓట్లు పడితే, కావాల్సిన ఓట్లు ఏ విభాగంలో ముందు వస్తే అక్కడ పెడతారు. 1944 నాటి ‘గోయింగ్ మై వే’లో బారీ ఫిట్జ్‌జెరాల్డ్ ఒకే పాత్రకి రెండు విభాగాల్లోనూ నామినేట్ అయ్యాడు. సహాయ నటుడిగా గెలిచాడు. ఉత్తమ నటుడు అదే సినిమాలో చేసిన బింగ్ క్రాస్బీ. ఆ తర్వాత అలా కుదరకుండా రూల్ మార్చారు.

ఇక అసలు భయం ఓట్లు చీలిపోతాయని. సగం మంది లీడ్ అని, సగం మంది సపోర్టింగ్ అని రాస్తే అసలుకే మోసం వస్తుంది. అందుకే స్టూడియో ‘ఇతన్ని ఇక్కడ రాయండి’ అని నెలల తరబడి ప్రకటనలిస్తుంది, ఓటరు కూడా నా అభిమాన నటుడికి నష్టం ఎందుకని అలాగే రాస్తాడు. ఒకే సినిమా నుంచి ఇద్దరిని లీడ్‌లో దింపడానికి కూడా స్టూడియోలు జంకుతాయి. ఇద్దరు హీరోయిన్లూ ఉత్తమ నటికి నామినేట్ అయిన చివరి సినిమా 1991 నాటి ‘థెల్మా అండ్ లూయీస్’. మగవాళ్లలో 1984 నాటి ‘అమడేయస్’. అప్పటి నుంచి ఇద్దరు హీరోల సినిమాలు, ఇద్దరు హీరోయిన్ల సినిమాలు ఎన్ని రాలేదు చెప్పండి?

ఓటర్లు ఎదురు తిరిగిన సందర్భం లేకపోలేదు. ‘ది రీడర్’కి కేట్ విన్‌స్లెట్‌ని సపోర్టింగ్‌లో ప్రచారం చేశారు. గోల్డెన్ గ్లోబ్ అలాగే వచ్చింది. ఆస్కార్ ఓటర్లు మాత్రం లీడ్‌లో పెట్టారు, గెలిపించారు కూడా. 2021లో దీనికి తలకిందులు జరిగింది. ‘జూడాస్ అండ్ ది బ్లాక్ మెసయ్య’లో లకీత్ స్టాన్‌ఫీల్డ్‌ని స్టూడియో లీడ్ అంటే ఓటర్లు తీసుకెళ్లి సపోర్టింగ్‌లో పెట్టారు. మెసయ్యగా చేసిన డేనియల్ కలూయా అప్పటికే అక్కడ ఉన్నాడు. జూడాసూ సపోర్టింగే, మెసయ్యా సపోర్టింగే. ఇక ఆ సినిమాలో హీరో ఎవరో!

కొచ్చి మార్నింగ్‌షో

నేను ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఈ గొడవ హాలీవుడ్‌లోనే ఉందనుకోవద్దు. మలయాళంలో ‘ఉళ్ళొళుక్కు’ అని ఒక సినిమా. అత్తా కోడళ్లు, వరద నీళ్లు చుట్టుముట్టిన ఇల్లు, అంత్యక్రియలు చేయడానికి కుదరని శవం. ఊర్వశి, పార్వతి ఇద్దరూ పోటాపోటీగా చేశారు. కేరళ రాష్ట్ర అవార్డుల్లో ఊర్వశికి ఉత్తమ నటి వచ్చింది. 2025 ఆగస్టులో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో అదే సినిమాకి, అదే పాత్రకి ఉత్తమ సహాయ నటి! ఆవిడ ఊరుకోలేదు. ఏ కొలమానంతో మమ్మల్ని సహాయ నటుల్ని చేశారని జ్యూరీని బహిరంగంగానే అడిగారు. తనతోపాటు, ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చిన విజయరాఘవన్ గురించి కూడా అడిగారు. ‘పూక్కాలం’లో వందేళ్ల ముసలాయన పాత్ర ఆయనది, కథంతా ఆయన చుట్టూనే తిరుగుతుంది.

అక్కడ గెలవడం కోసం నటుల్ని కిందికి దింపుతున్నారు. ఇక్కడ నటుల్ని అడక్కుండానే దింపారు. రెండింటిలో నాకు ఇదే ఎక్కువ బాధ అనిపించింది. మన నంది అవార్డుల్లో సహాయ నటుడు వేరు, క్యారెక్టర్ నటుడు వేరు, విలన్ వేరు అని విభాగాలు ఉండేవి. అన్ని విభాగాలు ఎందుకని అప్పట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

రీలుపెట్టె

కొచ్చి గారి పోస్ట్ చదివి చాలాసేపు ఆలోచించాను. నేలటికెట్టు గారూ, మీ మాట కూడా కొట్టిపారేయలేను. సల్దానాని తప్పుపట్టడం ఇక మానేస్తా. నటులు ఉన్న దారిలో నడుస్తారు. దారి వేసినవాళ్లదే తప్పు.

పాత బాల్కనీ గారు చెప్పిన పద్ధతికి విరుగుడు అకాడమీ దగ్గరే ఉంది. ‘బార్బీ’ స్క్రీన్‌ప్లేని స్టూడియో ఒరిజినల్ అని ప్రచారం చేసింది, రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ కూడా ఒరిజినల్ అంది. అకాడమీ రచయితల శాఖ మాత్రం కాదు, ఇది అడాప్టెడ్, అంటే ముందే ఉన్నదాని ఆధారంగా రాసింది అని తేల్చేసింది. నామినేషన్ అక్కడే వచ్చింది. రచయితలు చేయగలిగిన పని నటులు ఎందుకు చేయలేరు? నామినేషన్ ఓటింగ్‌కి ముందే నటుల శాఖ నుంచి కొంతమంది కూర్చుని, ప్రచారంతో సంబంధం లేకుండా సినిమా చూసి తేల్చాలి. విభాగం ముందే ఖాయమైతే ఓట్లు చీలతాయన్న భయమూ ఉండదు.

తుది ఓటు వేయాలంటే ఆ విభాగంలోని సినిమాలన్నీ చూసి ఉండాలని 98వ ఆస్కార్ నుంచి రూల్ పెట్టారు. అది ముందే ఉంటే, సహాయ నటుడి విభాగంలో కల్కిన్‌తో పోటీపడిన యూరా బోరిసోవ్‌కి ఇంకొన్ని ఓట్లు పడేవని నా నమ్మకం. ‘అనోరా’ చివర్లో మంచు పడుతుంటే, పాత కారులో, తీసి ఉంచిన ఉంగరాన్ని ఆ అమ్మాయి చేతికి ఇస్తాడు. పెద్దగా మాటల్లేవు. వైపర్ల చప్పుడు మాత్రం వినిపిస్తుంది, టైటిల్స్ పడుతున్నా ఆగదు. ఆ సీన్ ఆమెది. మన చూపు తన మీదకి రాకుండా ఆమె మీదే నిలిచేలా అతను అక్కడ కూర్చున్నాడు. ఆ పనికి ఒక అవార్డు పెట్టారు, దాన్ని ఆ పనికే ఇవ్వమంటున్నా.

డల్లాస్ మాటినీ

కమిటీ మాటకి నేను ఓకే, అన్నా. రీటాని లీడ్‌లో పెట్టినా అభ్యంతరం లేదు. కానీ ఆ కమిటీలో నేనుంటే బెంజీ మాత్రం సపోర్టింగే. మీరన్న ఎయిర్‌పోర్ట్ షాట్ మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. ఈ వీకెండ్ సినిమా మళ్లీ చూసి, ఆదివారం రాత్రి వచ్చి రాస్తా.