కనిపెట్టుకుని ఉంటానా, కన్నేసి ఉంటానా? ‘ఎవ్రీ బ్రెత్ యు టేక్’ పల్లవికి తెలుగు

మాధవధార:
బీచ్ రోడ్డు హోటల్లో పెళ్లి రిసెప్షన్. బ్యాండు వాళ్లు పాడే వాటిలో ‘ది పోలీస్’ బృందం పాట ‘ఎవ్రీ బ్రెత్ యు టేక్’ ఉంది. వెనక తెర మీద పల్లవికి తెలుగు కూడా వేయాలని పెళ్లివారి కోరిక. ‘నీ ప్రతి శ్వాసలో నేనుంటా’ అని ఎవరో రాసిచ్చారు. ఇది నిలుస్తుందా? ‘వాచింగ్ యు’ (నిన్నే చూస్తూ) అన్న చోట ఏ మాట పెట్టాలి?

వాల్తేరు:
ఆ వరుస వద్దండి. పాటలోని మనిషి ఆమె శ్వాసలో లేడు. దూరంగా నిలబడి ఆ శ్వాసను లెక్కపెడుతున్నాడు. ఆ బృందం గాయకుడు స్టింగ్ దీన్ని 1982లో, మొదటి భార్యతో విడిపోతున్న రోజుల్లో, జమైకాలోని గోల్డెన్ ఐ ఇంట్లో రాశాడు. జేమ్స్ బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ ఇల్లది. 1983లో విడుదలై అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 8 వారాలు మొదటి స్థానంలో ఉంది. అప్పటినుంచీ పెళ్లిళ్లలో మోగుతూనే ఉంది. రాసినాయన మాత్రం ఇది నిఘా గురించి, ఎదుటి మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడం గురించి అని చాలాసార్లు చెప్పాడు.

అలాగని ‘నిఘా పెడతా’ అని రాస్తే పాట అక్కడే చచ్చిపోతుంది. మొదట ఆప్యాయతలా వినిపించి, పోనుపోను బిగుసుకోవడమే దీని బలం. ఆ రెండూ ఇముడ్చుకున్న క్రియ మనకుంది: కనిపెట్టు. ‘రాత్రంతా రోగిని కనిపెట్టుకుని ఉంది’ అంటే సేవ. ‘వాడి రాకపోకలు కనిపెడుతున్నారు’ అంటే ఆరా. ‘దొంగను కనిపెట్టారు’ అంటే పట్టేశారని. తెలుగు బైబిల్లో, కీర్తనలు 27:14లో, ‘యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము’ అన్నచోట ఎదురుచూపు. మాట ఒకటే, వెనక వచ్చేదాన్ని బట్టి రంగు మారుతుంది.

పెదగంట్యాడ:
‘ఓ కన్నేసి ఉంచుతా’ అంటే? మన వైపు రోజూ వాడే మాటే కదా. ఊరెళ్తూ ‘ఇంటి మీద ఓ కన్నేసి ఉంచండి’ అని పక్కింటివాళ్లకి చెబుతాం.

వాల్తేరు:
అక్కడ ‘ఓ’ పోతే ప్రమాదం. ‘ఇంటి మీద ఓ కన్నేసి ఉంచాడు’ అంటే కాపలా, ‘ఇంటి మీద కన్నేశాడు’ అంటే కాజేద్దామని. మనిషి విషయంలో ఇంకా ఘోరం. పాడేటప్పుడు ఆ ‘ఓ’ డ్రమ్ము కింద మునిగిపోతుంది. పెళ్లికూతురి ముందు ఆ వరుస వద్దు.

మాత్రాగణం:
అర్థం సరే, గొంతులో పట్టాలి కదా మాస్టారూ. ఇంగ్లీషు పల్లవి ఒక్కో వరుసకి అయిదు అక్షరాలు, చివరిది సాగుతుంది. ‘నిన్నే చూస్తుంటా’ అయిదు గురువులు, 10 మాత్రలు. అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. ‘కనిపెట్టుకునుంటా’ ఏడు అక్షరాలైనా మాత్రలు అవే 10 (1, 1, 2, 1, 1, 2, 2). కాబట్టి పడుతుంది, కానీ మొదటి రెండు లఘువులు ఒకే స్వరం మీద త్వరగా దాటించాలి. ‘పె’ మీద ఆగకూడదు. ద్విత్వం ముందున్న హ్రస్వాన్ని సాగదీస్తే ‘పేట్టు’ అవుతుంది. సాగదీయాల్సింది చివరి ‘టా’నే.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషులో వరుస క్రియతో ముగుస్తుంది, అందుకే ప్రాస వరుసగా దొరికింది. మనం ‘నువ్వు పీల్చే ప్రతి ఊపిరి, నువ్వు వేసే ప్రతి అడుగు’ అని రాస్తే చివర నామవాచకాలు వచ్చి అంత్యప్రాస పోతుంది. పైగా హ్రస్వాలతో ముగుస్తాయి, సాగవు. ‘ప్రతి’ మానేసి ‘ఏ... -ఇనా’ వాడండి: ఏ మాట దాచినా, ఏ అడుగు వేసినా. రెండూ 10 మాత్రలే, చివర సాగడానికి ‘నా’ ఉంది. ఊపిరి దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ఊపిరి తీసినా’ అంటే చంపినా అని వినిపిస్తుంది. ‘ఊపిరి పీల్చినా’ అనండి. 9 మాత్రలే, ఆ ఒక్కటీ ఎత్తుగడకి ముందు ఖాళీ వదలాలి. ‘ఏ శ్వాస తీసినా’ లెక్కకి సరిగ్గా 10, కానీ ‘శ్వాస’ పుస్తకాల వాసన వేస్తుంది. నా ఓటు ఊపిరికే.

ఆరు తీగలు:
గిటారు వైపు నుంచి ఒక మాట. A మేజర్‌లో వాయిస్తే కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరస A, F షార్ప్ మైనర్, D, E. 1950ల నాటి ప్రేమపాటల వరసే ఇది. బృందం గిటారిస్టు ఆండీ సమ్మర్స్ దానికి తొమ్మిదో స్వరం (కార్డు మూలస్వరం నుంచి లెక్కిస్తే తొమ్మిదోది) కలిపాడు. A కార్డుకి ఆరో తీగ 5వ మెట్టు (ఫ్రెట్), అయిదో తీగ 7, నాలుగో తీగ 9, మూడో తీగ 6. నాలుగో తీగ మీది ఆ 9వ మెట్టే తొమ్మిదో స్వరం. చిటికెన వేలు అందక దాన్ని వదిలేసి మామూలు కార్డు వాయిస్తే పాట వట్టి తీపి అయిపోతుంది. మీరు మాటలో వెతుకుతున్న ఆ రెండు రంగులు తీగ మీద అక్కడే ఉన్నాయి. మధ్యభాగంలో F, G కార్డులకు దూకినప్పుడు మాత్రం అతని ఒంటరితనం దాపరికం లేకుండా బయటపడుతుంది.

వాల్తేరు:
చక్కగా చెప్పారు. ఆ మధ్యభాగానికి ముందే ‘నువ్వు నాకు చెందినదానివి’ అనే అర్థంలో ఒక వరుస వస్తుంది. ఇంగ్లీషులో అది ఆడా మగా తేడా లేనిది. ‘నాదానివి’, ‘నావాడివి’ అనగానే మనం తేల్చేస్తాం. ‘నువ్వు నా సొంతం’ అంటే సినిమా పాటల తీపి. ‘నువ్వు నా సొత్తు’ అనాలి. లింగం తేలదు, మనిషిని వస్తువు చేసిన సంగతీ దాగదు. పాట నిజరూపం ఆ మాటలో ఉంది.

మాధవధార:
అయితే రిసెప్షన్ తెర మీద?

వాల్తేరు:
పల్లవి వరకే వేయండి: ‘ఊపిరి పీల్చినా, ఏ అడుగు వేసినా, కనిపెట్టుకునుంటా.’ ‘సొత్తు’ వరుస, మధ్యభాగం తెర మీద వద్దు. పాట అసలు సంగతి పెళ్లివారికి ముందే చెప్పండి. విన్నాక కూడా కావాలంటే అది వాళ్ల ఇష్టం. మార్చుకుంటామంటే బ్యాండు వాళ్లకు వారం ముందుగానైనా తెలియాలి, కొత్త పాట సాధన చేసుకోవాలి కదా.