మా పద్యాల గుంపులో ఈ వారం సమస్య (ఇది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి): చెఱను గట్టించె దొంగయే చేతులార

నిర్వాహకుడు (అరండల్‌పేట, గుంటూరు):
తేటగీతి పాదం. దొంగంటే వెన్నదొంగ అని ఎవరూ తప్పించుకోకండి, కృష్ణుడు చెరలో పుట్టాడే గానీ కట్టించలేదు. ఇది కొలంబియా కొకెయిన్ దొర పాబ్లో ఎస్కోబార్ సంగతి. 1991 జూన్‌లో తనను అమెరికాకు అప్పగించకూడదన్న షరతుమీద లొంగిపోతూ, మెడెలిన్ నగరం పక్క కొండమీద తన జైలు తనే కట్టించుకున్నాడు. కాపలావాళ్లనీ తనే ఎంచుకున్నాడు. 1992 జూలైలో దర్జాగా బయటికి నడిచాడు.

బ్రాడీపేట బావ:
కోట్ల డాలర్ల నార్జించి కొలువు దీరి
అమెరికా కంపవలదని యాన వెట్టి
కొండకొమ్మున బంతాటకుఁ దగినట్లు
చెఱను గట్టించె దొంగయే చేతులార

నిర్వాహకుడు:
బంతాట భేష్! ఆ జైల్లో నిజంగానే ఫుట్‌బాల్ మైదానం ఉండేది. 'దీరి' తర్వాత యడాగమం రావాలి, 'యమెరికా' అనండి. యతికి ఢోకా లేదు.

సత్యనారాయణపురం, బెజవాడ:
మంత్రిఁ జంపించె నింగిలో మంటఁ బెట్టె
నూటయేడ్గురి యుసురులు నుసిగ మార్చె
చివరి కధికారులకు లొంగి సుఖములంద
చెఱను గట్టించె దొంగయే చేతులార

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. ఎస్కోబార్ కొలంబియా న్యాయశాఖ మంత్రిని చంపించింది 1984లో, విమానాన్ని పేల్పించింది 1989లో. ఎవరి కోసం బాంబు పెట్టారో ఆ అధ్యక్ష పదవి అభ్యర్థి గవీరియా అసలు విమానమే ఎక్కలేదు, పోయింది మాత్రం ఆ నూటయేడుగురు, కింద ఇంకో ముగ్గురు. ఇక మూడో పాదం: 'చి'కి 'సు' యతి చెల్లదు, అచ్చు కలవలేదు. 'సిరుల నడుమ' అంటే సరి. అన్నట్టు, లొంగింది అతనా, సర్కారా?

సత్యనారాయణపురం:
సర్కారే లెండి! మొన్న బెజవాడ స్టేషన్లో గంజాయి తనిఖీ, పోలీసు కుక్క నా సంచి దగ్గరే కూలబడింది. తీరా విప్పితే గోంగూర పచ్చడి సీసా, మూత వదులై చొక్కాలన్నీ నూనె. ఆ కంగారులో రైల్లో రాసిన పాదం అది, యతి ఎక్కడ గుర్తుంటుంది మాస్టారూ.

పటమట కుర్రాడు:
పాఱి చెఱ వీడి యేడాదిపైన దాఁగి
కొడుకుతో ఫోను మాటకే గుట్టు తెలియ
పెంకు కప్పునఁ గూలెను బీనుఁ గగుచు
చెఱను గట్టించె దొంగయే చేతులార

బ్రాడీపేట బావ:
అబ్బాయ్, రెండో పాదం నా పద్యం మొత్తానికి సాటి!

నిర్వాహకుడు:
నిజమే. కొడుకుతో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడే దొరికిపోయాడు, 1993 డిసెంబర్ 2న, నలభై నాలుగో పుట్టినరోజు మర్నాడు. కానీ నాయనా, మూడు పాదాలూ ఒక కథ, సమస్య ఇంకో కథ. చచ్చాక చెర కట్టించడమేమిటి? మూడోది ఇలా చూడు:
దాఁగుకొన్నట్టి యిండ్లతోఁ దనకు తానె
రెండో పాదం చివర 'గుండె జడిసి' అని మార్చు.

పటమట కుర్రాడు:
అతికింది మాస్టారూ. కానీ శవం ఎగిరిపోయింది, దానికోసమే రాత్రంతా కూర్చున్నాను.

నిర్వాహకుడు:
దాచుకో. వచ్చేవారం కందం ఇస్తాను, అందులో పడుకోబెడుదువు గాని.