ఒడిశాలోని రాయగడకు కొత్తగా వచ్చిన సోదరునికి: వాల్వు కొనే ముందు దాన్ని పరీక్ష చేయించండి

నమస్కారం. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందని, పెట్రోలు ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే వ్యాక్యూమ్ స్విచింగ్ వాల్వు పాడైందని మెకానిక్ చెప్పారని మీరు రాసింది చదివాను. ఆ సామాను కోసం బరంపురమో విశాఖపట్నమో కబురు పెట్టవలసి రావచ్చు. ఎలక్ట్రికల్ సామానును విప్పి బిగించాక వెనక్కి తీసుకొనే దుకాణదారులు అరుదు. కనుక ముందుగా పరీక్ష జరగాలి.

ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని బొగ్గు నింపిన కెనిస్టర్ పట్టి ఉంచుతుంది. ఇంజన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు కంప్యూటర్ ఈ వాల్వును తెరిస్తే ఆ ఆవిరి ఇంటేక్ మానిఫోల్డ్ అనే గాలి గొట్టం గుండా ఇంజన్‌లోకి పోయి మండిపోతుంది. కరెంటు అందనప్పుడు వాల్వు మూసుకొనే ఉండాలి. పెట్రోలు పోయించిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందని మీరు రాశారు కదా, వాల్వు తెరుచుకొని ఇరుక్కుపోయినప్పుడు సాధారణంగా కనిపించే లక్షణం అదే.

తెల్లవారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, కెనిస్టర్ నుంచి వాల్వుకు వచ్చే హోసును వాల్వు దగ్గర ఊడదీసి, వాల్వుకున్న ఆ రంధ్రం మీద వేలు ఉంచండి. చల్లని ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా అక్కడ పీల్పు తెలియకూడదు. వేలిని లోపలికి లాగుతున్నట్లుంటే వాల్వు మూసుకోవడం లేదని అర్థం. అక్కడ ఆవిరి ఉంటుంది కనుక దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండనివ్వకండి.

తరువాత ఇంజన్ ఆపి, కనెక్టర్ తీసి, వాల్వు రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌ను ఓమ్ (విద్యుత్ నిరోధం) అమరికలో పెట్టండి. చాలా కార్లలో 20 నుంచి 40 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది, అయితే మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లోని అంకే ప్రమాణం. మీటరు అనంతం చూపిస్తే వాల్వు లోపలి కాయిల్ (తీగచుట్ట) తెగిందన్నమాట. వాల్వును బయటికి తీసి, శుభ్రమైన గొట్టంతో మెల్లగా గాలి ఊదితే అవతలికి పోకూడదు. ఫ్యూజు ఉన్న వైర్లతో 12 వోల్టులు ఇచ్చినప్పుడు టిక్కుమని శబ్దం వచ్చి గాలి పోవాలి. నోటితో పీల్చవద్దు.

వాల్వును అరచేతిలో తట్టి చూడడం మరువకండి. నల్లటి బొగ్గు రవ్వలు రాలితే కెనిస్టర్ లోపల చెడింది. దాన్ని అలాగే వదిలి కొత్త వాల్వు బిగిస్తే అదీ త్వరలోనే పూడుకుపోతుంది. ఆటోకట్ పడ్డాక (బంకు గన్ను దానంతటదే ఆగాక) కూడా ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించేవారి బండ్లలో కెనిస్టర్ పెట్రోలుతో తడిసి చెడిపోవడం మామూలే, ఆ అలవాటుంటే ఇప్పుడే మానండి.

వాల్వు అన్నింటా నెగ్గి స్కానర్‌లో ఈ వాల్వు సర్క్యూట్ లోపాన్ని తెలిపే పి0443 కోడు వస్తుంటే వైరింగును అనుమానించాలి. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు చాలా కార్లలో కనెక్టర్ ఒక పిన్నుకు బ్యాటరీ వోల్టేజీ రావాలి. రాకపోతే ఫ్యూజు, ఎలుకలు కొరికిన తీగలు చూడాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్ష సైలెన్సర్ పొగను మాత్రమే కొలుస్తుంది కనుక, అందులో నెగ్గినంత మాత్రాన ఈ వాల్వు బాగున్నట్లు కాదు.

రాయగడ షెడ్లలో తెలుగు బాగానే చెల్లుతుంది, మొహమాటపడకుండా పరీక్ష మీ ఎదుటే చేయమని అడగండి. కోడు, ఓమ్ రీడింగు, కారు మోడల్, సంవత్సరం రాయండి. సామాను అవసరమైతే బరంపురంలో విచారించి చెబుతాను.