సమస్యాపూరణం: నీరు త్రాగిన కొలదిని తేరు జారె

నిర్వాహకుడు:
ఈ వారం పాదం ఇది.

నీరు త్రాగిన కొలదిని తేరు జారె

అల్జీరియా గ్యారట్ ఆవిరి బండి (ముందొకటి, వెనకొకటి చక్రాల చట్రాలు, నడుమ బాయిలరు) గురించి చదువుతుంటే తట్టింది. పీఎల్‌ఎం అనే ఫ్రెంచి రైలు కంపెనీ వాళ్ళు అల్జీర్స్ నుంచి ఒకవైపు ఒరాన్‌కు, మరోవైపు కాన్‌స్టాంటీన్‌కు ఎక్స్‌ప్రెస్సులు లాగించిన 231-132 బీటీ. ఫ్రాంకో-బెల్జ్ కంపెనీ రెమ్ కార్ఖానాలో 1936 నుంచి 1941 దాకా తయారైంది. మీ బండి మీ ఇష్టం, కానీ ఆ నేల వదలకండి. ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిసే యతి) వేశానని ఎవరూ మొదలెట్టొద్దు, తెలిసే వేశాను.

శకటరేఫ:
ముందు వెనుకల నీళ్ళను మోయు బండి
బరువు చక్రాల పైనుండి వదలిపోవ
నేటవాలుగ నెక్కుచో నినుపబాట
నీరు త్రాగిన కొలదిని తేరు జారె

మామూలు ఇంజనుకు నీళ్ళు టెండరులో ఉంటాయి, వెనక వేరే బండిలా. తాగినా తాగకపోయినా తోలుడు చక్రాల (ఆవిరి తిప్పే చక్రాల) మీది బరువు మారదు. గ్యారట్‌లో తొట్లు చక్రాల చట్రాల మీదే కూర్చుంటాయి. 30 ఘనమీటర్ల నీళ్ళు, 11 టన్నుల బొగ్గు. బాయిలరు తాగేకొద్దీ పట్టాల మీది ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పట్టు తగ్గుతుంది. సమస్యలో విరోధమే లేదు, ఉన్నదున్నట్టు చెప్పినట్టుంది.

యతిమైత్రి:
పద్యం నడక బాగుంది. "నేటవాలుగ" దగ్గర మాత్రం "నేటి వాలు" అని చదివి ఒక క్షణం తడబడ్డాను. "ఏటవాలు" ముందు చేరిన నకారం, అదే ద్రుతం, తెచ్చిన తంటా.

బొగ్గుపొడి:
లెక్క మాత్రం సగమే. ఆ 41 టన్నులూ తోలుడు చక్రాల మీదే పడవు. ముందు బోగీ, వెనక బోగీ (పెట్టెలు కావు, ఇంజను కొసల చిన్న చక్రాలు), నడుమ మోతచక్రాలు వాటా పంచుకుంటాయి. శకటరేఫ గారు పద్యంలో "చక్రాల" అని ఊరుకుని, కింద వివరణలో మొత్తం ఆరిరుసుల ఖాతాలో వేసేశారు. నా పూరణ:

పరుల యేలుబడిని బండి పరుగు లిడగ
కొల్లగొట్టిన సారాయి గోధుమలను
మోసె, నేలకుఁ బుట్టిన మూగ ప్రజ క-
న్నీరు త్రాగిన కొలదిని తేరు జారె

యతిమైత్రి:
ఆహా, కన్నీరు! పాదం తిరిగిన మలుపు చూసి లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. "ప్రజ క" తర్వాత "న్నీ" వస్తే ఆ "క" గురువే కదండీ. మూడు లఘువుల నగణం కాస్తా గురువుతో ముగిసే సగణమైంది.

బొగ్గుపొడి:
పాదాంతం కదా, చూసీ చూడనట్టు వదిలేయకూడదూ?

శకటరేఫ:
కూడదు. తేటగీతి పాదం చివర వచ్చేది సూర్యగణం, అది ఏదైనా లఘువుతోనే ముగియాలి. అంటే ఈ పాదానికి ముందు ద్విత్వం అతికించే దారే లేదు. కన్నీరైనా, పన్నీరైనా, మున్నీరైనా ఒకటే. బొగ్గుపొడి గారు పోయిన నెల "పొగ లేని బండి" సమస్యలోనూ ఇదే పని చేశారు. అప్పుడు గణం సరే, ఇదే 231-132 బీటీకి వాల్‌షార్ట్ కడ్డీలు (కవాటాలను నడిపే బయటి కడ్డీలు) తగిలించారు. దానివి కొసార్ కవాటాలు. కామ్‌లు నడిపే పిస్టన్ కవాటాలు, కటాఫ్‌ను (సిలిండర్లోకి ఆవిరి ఆగే చోటును) విద్యుత్తుతో మార్చేవాళ్ళు. పక్కన ఊగే కడ్డీల సొగసు వర్ణిస్తూ పాదమంతా ఖర్చు పెట్టారు, లేని కడ్డీలకు!

ఇప్పుడు ఇందులో సారాయి, గోధుమలు. 1.8 మీటర్ల చక్రాలున్న బండి అది. పరీక్షలకని కలే-పారిస్ దారిలో పరుగెత్తిస్తే గంటకు 132 కిలోమీటర్లు అందుకుంది. దానికి గోధుమ బస్తాలు కడతారా? అల్జీరియా నుంచి ఓడలెక్కింది ద్రాక్ష వైను, సారాయి కాదు. అదీ గూడ్సులో రేవుకు పోయేది.

బొగ్గుపొడి:
132 అంకె మీద అంత మోజుంటే బండి పేరే చూడండి. ఫ్రెంచివాళ్ళు ఇరుసులు లెక్కపెడతారు: 231, 132. ఎటునుంచి చదివినా అదే. గతప్రత్యాగతం. ఇంగ్లీషువాళ్ళలా చక్రాలు లెక్కపెట్టి 4-6-2+2-6-4 అంటే ఆ అందం సగం చస్తుంది. పోయినసారి శకటరేఫ గారు ఆ ఇంగ్లీషు లెక్కనే సీసపద్యంలో ఇరికించబోయి నాలుగు పాదాలూ అంకెలతో నింపారు.

నిర్వాహకుడు:
సీసం సంగతి ఆ చర్చలోనే తేల్చుకోండి. పాదపూరకుడు గారు ఉదయం పంపిన పూరణ పెడుతున్నాను.

పాదపూరకుడు:
నురగ లెగసిన బాయిలర్ నోటినుండి
యావిరినిఁ గూడి నీళ్ళెల్ల నరుగుదెంచె
మీట మూసిన నాగునే? మిడిసి, యుప్పు-
నీరు త్రాగిన కొలదిని తేరు జారె

యతిమైత్రి:
"ఉప్పు / నీరు"! బొగ్గుపొడి గారికి కావలసింది ఇదీ. అతుకు ఉంది, గణం చెడలేదు. "బాయిలర్" అని పొల్లుతో రగణం లాగారు, నిర్దుష్టమే గానీ పద్యం మధ్య రెంచి పడ్డ చప్పుడు.

శకటరేఫ:
మూడో పాదం ఒక్కటి చాలు ఈయన ఇంజను ఎరిగిన మనిషని చెప్పడానికి. ఉప్పులున్న నీరు మరిగేకొద్దీ బాయిలర్లో లవణాలు చిక్కబడతాయి, నురగ లేస్తుంది. ఆ నురగ ఆవిరితో కలిసి పైకి పోయి, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటరు గొట్టాల్లో చేరుతుంది. చక్రం జారగానే డ్రైవరు రెగ్యులేటరు (ఆవిరిని వదిలే మీట) మూస్తాడు. రెగ్యులేటరు డోములో (బాయిలరు మీది గుమ్మటంలో) ఉంటే, గొట్టాల్లో చేరిన నీళ్ళు దానికి ఇవతలే ఉండిపోతాయి. అవి అక్కడే ఆవిరై సిలిండర్లను తోస్తూనే ఉంటాయి. మీట మూసినా జారుడు ఆగదు. "మీట మూసిన నాగునే" అన్నది అలంకారం కాదు, వాస్తవం.

పాదపూరకుడు:
ధన్యవాదాలు. ఒక పద్యంలో పట్టనిది: ఆ సమయంలో నీటిమట్టం చూపే గాజుగొట్టాన్ని నమ్మకూడదు. నురగ వల్ల మట్టం ఎక్కువ కనబడుతుంది. నీళ్ళు చాలా ఉన్నాయనుకుని ఫైర్‌మన్ బాయిలర్లోకి నీళ్ళు ఎక్కించే ఇంజెక్టరు ఆపేస్తే పొయ్యి పైరేకు బయటపడుతుంది. ముందు రెగ్యులేటరు తగ్గించి అసలు మట్టం ఎక్కడుందో చూడాలి, సిలిండరు కాక్‌లు (చేరిన నీళ్ళు వదిలే కొళాయిలు) తెరవాలి, ఆ తర్వాతే బ్లోడౌన్ (బాయిలరు నీళ్ళు బయటికి వదలడం). బ్లోడౌన్ ముందు తెరిస్తే ఉన్న కాసిని నీళ్ళూ పోతాయి.

నిర్వాహకుడు:
నాదీ ఒకటి, పోటీకి కాదు.

ఇసుక కడలి చుట్టును నున్న నేమి ఫలము?
తడిసి గొట్టము పూడగఁ దాను రాదు
పట్టు దొరకదు పట్టాల పైన నహహ!
నీరు త్రాగిన కొలదిని తేరు జారె

బొగ్గుపొడి:
నిర్వాహకుల పద్యంలో నీళ్ళు తాగింది తేరు కాదు, పట్టు కోసం పట్టాల మీద చల్లే ఇసుక. అన్వయం కాస్త లాగాలి. పైగా అల్జీర్స్-ఒరాన్ దారి చుట్టూ ఇసుక కడలి ఎక్కడుందండీ? అది తెల్ ప్రాంతం. పొలాలు, తోటలు, వానలు. సహారా ఇంకా చాలా దక్షిణాన.

శకటరేఫ:
మొదటిసారి బొగ్గుపొడి గారితో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసిపెట్టుకోండి. కానీ రెండో పాదం నిక్కం. ఇసుక జల్లెడ పట్టి, బాగా ఆరబెట్టి పెట్టెలో పోయాలి. చెమ్మ ఉంటే గొట్టం వంపు దగ్గర గడ్డకడుతుంది. ఒకవైపు గొట్టమే పూడితే ఇంకా చేటు. ఆ వైపు పట్టు ఉండదు, ఈ వైపు ఉంటుంది, ఆ పెనుగులాట కడ్డీలకు తగులుతుంది. ఇంకొకటి, చక్రం జోరుగా జారుతున్నప్పుడు ఇసుక వేయకూడదు. ముందు ఆవిరి కట్టి, చక్రం నెమ్మదించాక వేయాలి. గిర్రున తిరిగే చక్రం ఒక్కసారిగా పట్టాను కరిస్తే చక్రాలను కలిపే కలుపుకడ్డీ వంగుతుంది, లేదా ఆ కడ్డీని చక్రానికి తగిలించే క్రాంకుపిన్ను పోతుంది.

యతిమైత్రి:
గ్యారట్‌కు ఇంకో చిక్కు. ఆవిరి ఒకే రెగ్యులేటరు నుంచి రెండు చట్రాలకూ పోతుంది. ముందుది జారుతుంటే వెనకది బుద్ధిగా లాగుతుంటుంది. ఒకదాన్ని ఆపాలంటే రెండింటికీ ఆవిరి తగ్గించాలి, ఎక్కుడు మీద ఊపు పోతుంది. ఒకనాటి మన బెంగాల్ నాగపూర్ రైల్వే గ్యారట్లదీ ఇదే ఏర్పాటు, కాకపోతే అవి గూడ్సు కోసం చేసినవి.

శకటరేఫ:
అన్నీ అయ్యాక నిర్వాహకులకు ఒక మాట. "జారె" కాదు, "జాఱె". బండిర. శకటరేఫ అన్నా అదే, ఆ పేరు పెట్టుకున్నందుకైనా ఇది నేనే చెప్పాలి.

నిర్వాహకుడు:
యతిస్థానంలో లేదు గనుక బతికిపోయాను. అందరి పూరణల్లోనూ మార్చాలి, రాత్రికి మారుస్తాను.

బొగ్గుపొడి:
నాదీ సవరించాను. ఒక్క పదం.

మోసె, నేలకుఁ బుట్టిన మూగపల్లె
నీరు త్రాగిన కొలదిని తేరు జారె

కన్నీరు పోయి ఊరి నీరు మిగిలింది. తాగింది ఎవరి నీళ్ళో అర్థమవుతూనే ఉంది.

పాదపూరకుడు:
కన్నీటికన్నా ఇదే గట్టిగా తగిలింది నాకు.

శకటరేఫ:
గణం కుదిరింది. అర్థం కూడా పెరిగింది, కాదనను. ఎక్స్‌ప్రెస్సులోంచి గోధుమలు మాత్రం ఇంకా దిగలేదు.