డెఫ్ లెపర్డ్ తొలి రికార్డు అసలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

మాది అనంతపురం. మా చిన్నాయన పోయాక ఆయన ట్రంకు పెట్టెలో డెఫ్ లెపర్డ్ అనే రాక్ బ్యాండు తొలి రికార్డు దొరికింది. ఇంగ్లండులోని షెఫీల్డు కుర్రాళ్లు ఏ కంపెనీ అండా లేకుండా, బ్లడ్జన్ రిఫోలా అని సొంతంగా రికార్డు కంపెనీ పేరు పెట్టుకుని 1979లో తెచ్చిన ఏడంగుళాల రికార్డు ఇది. మూడే పాటలు. మొదట వేసింది 1,000 కాపీలే. వాటికి నడిమధ్య అంటించిన ఎర్ర కాగితం లేబుల్, బొమ్మ అట్ట ఉంటాయి. తర్వాత వేసినవాటికి పసుపు లేబుల్.

మా దాని లేబుల్ ఎర్రగానే ఉంది. అట్ట అంచున జిగురు ఊడి గోధుమరంగు మరక కట్టింది. పాట అయిపోయే చోట, లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి జాగాలో సూదితో గీకినట్టు అక్షరాలున్నాయి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే కనబడతాయి. వాటిని బట్టి అసలుదో నకిలీదో ఎలా గుర్తుపట్టాలో తెలిసినవాళ్లు చెప్పగలరా? ఫోటోలు పెడతాను.

ఇంకొకటి, మా ఎండలకు రికార్డు కాస్త వంగింది. గాజు పలకల మధ్య పెట్టి వేడి చేయమంటున్నారు కానీ నాకు ధైర్యం చాలట్లేదు. ఎవరైనా చేసి చూశారా?

అమ్మే ఉద్దేశం అస్సలు లేదు. ఆయన అంత భద్రంగా దాచుకున్న పాటలు పిన్నమ్మకు ఒక్కసారి వినిపించాలి. అనంతపురం, కర్నూలు, కడపల్లో మంచి సూదితో పనిచేసే టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) ఎవరిదగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి, మేమే వస్తాం.