సమస్యాపూరణం: నీటి గిన్నె చెంత నిలిచె దప్పి

నిర్వాహకుడు, అనంతపురం:

ఈ వారం సమస్య ఇది.

నీటి గిన్నె చెంత నిలిచె దప్పి

ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు రాసి పద్యాన్ని పూరించాలి. కొత్తగా చేరినవాళ్ల కోసం మళ్లీ చెప్తున్నాను: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు, లఘువు కలిసిన గలం, లేదా మూడు లఘువుల నగణం), రెండు ఇంద్రగణాలు (నగ, నల, సల, భ, ర, త గణాల్లో ఏదైనా). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. ప్రాస నియమం లేదు.

ఈసారి ఒక షరతు ఉంది. పూరణ ఊసరవెల్లి పెంపకం మీదే ఉండాలి. మన ప్రొద్దుటూరు అక్క కొడుకు అమెరికాలో యెమెన్ ఊసరవెల్లిని పెంచుతున్నాడు. అది తిండి దగ్గర పేచీ పెడుతోందనీ, గిన్నె నిండా నీళ్లు పెట్టినా ముట్టడం లేదనీ ఆ అబ్బాయికి ఒకటే టెన్షన్. అక్క ఆ సంగతి చెప్పగానే ఈ పాదం తట్టింది.

ముందే ఒక మాట. మన చేల గట్ల మీద, తుమ్మచెట్ల మీద కనిపించే ఊసరవెల్లిని పట్టి పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దానికి విషం లేదు, మనిషికి దానివల్ల ఏ హానీ లేదు. రోడ్డు దాటుతూ కనిపిస్తే దాటనివ్వండి. రాళ్లు వేసే పిల్లలుంటే ఆపండి.

ఆదోని మాస్టారు:

ఆకు కొసన జారు నట్టి బొట్టులె తాగు,
కదలకున్న నీటిఁ గన దదేమొ;
ఒంటి బతుకు మెచ్చు నూసరవెల్లికి
నీటి గిన్నె చెంత నిలిచె దప్పి.

కడప టీచరమ్మ:

మాస్టారూ, సమస్యలోని ముడి అంతా మొదటి రెండు పాదాల్లోనే విడిపోయింది. ఊసరవెల్లి కదలని నీటిని సాధారణంగా నీరుగా గుర్తించదు. ఆకు మీద మెరుస్తూ జారే బొట్టునే తాగుతుంది. ఒంటరిగా ఉండే ప్రాణి అని మూడో పాదంలో చెప్పడమూ నిజమే, రెండింటిని ఒకే గూట్లో పెడితే రెండూ బెదిరిపోతాయి. అయితే ‘అదేమొ’ ఎందుకండీ? మీకు తెలిసిన నిజం చెప్తూ మధ్యలో సందేహం పెట్టారు. గణం నింపడానికి వచ్చిన మాటలా ఉంది.

ఆదోని మాస్టారు:

నిజమేనమ్మా. ఇలా మారుస్తున్నాను: కదలకున్న నీటిఁ గనదు కన్ను.

నిర్వాహకుడు:

ఇప్పుడు పాదం బిగిసింది. క-గ యతి చెడలేదు. ‘కన్ను’ వచ్చి చేరడం ఇంకా బాగుంది, ఆ ప్రాణికి కన్నే కదా సర్వస్వం. రెండు కళ్లూ వేటికవే తిరుగుతాయి. పురుగు కనబడితే రెండూ దాని మీదే నిలుస్తాయి.

హిందూపురం అన్న:

మిడత నిడగఁ జూచి మిన్నక యున్నది,
పట్టుపురుగుఁ గన్నఁ బరుగు దీసె;
ఇంత రుచులు తెలిసి యెఱుగదే నీరన్న,
నీటి గిన్నె చెంత నిలిచె దప్పి.

మా ఊరు పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరున్న ఊరు కాబట్టి పట్టుపురుగును తెచ్చాను.

కడప టీచరమ్మ:

అన్నా, పట్టుపురుగు ఊరికే ఊరి మీద ప్రేమతో వచ్చింది కాదు, సరిగ్గా అతికింది. మెత్తగా, తడి ఎక్కువగా ఉండే పురుగు కాబట్టి తిండి మానేసిన ఊసరవెల్లికి దాన్ని పెట్టి చూస్తారు. ‘ఇంత రుచులు తెలిసి యెఱుగదే నీరన్న’ చాలా బాగుంది. కానీ రెండో పాదంలో ‘పరుగు దీసె’ అన్నారు. ఊసరవెల్లి ఎక్కడైనా పురుగు వెంట పరుగు తీస్తుందా? ఒక్కో అడుగూ ముందుకీ వెనక్కీ ఊగుతూ వేస్తుంది. పరుగెత్తేది దాని నాలుకే. తోక వదిలేస్తే మిగతా ఒంటి పొడవును మించి సాగుతుంది ఆ నాలుక.

హిందూపురం అన్న:

అయితే: పట్టుపురుగుఁ గన్నఁ బాఱె నాల్క.

నిర్వాహకుడు:

ఈ వారం వచ్చిన సవరణల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ప-బా యతి సరిపోయింది. జంతువు నిజం, పద్యం అందం ఒకేచోట కుదిరాయి. మిడతను చూసి ‘మిన్నక యున్నది’ అన్నదీ బాగా చూసి రాసిన మాట. రోజూ ఒకే పురుగు పెడితే యెమెన్ ఊసరవెల్లి దానిమీద మొహం మొత్తి, ఆకలితో ఉన్నా నోరు తెరవదు. చాలామంది అప్పుడు జబ్బనుకుని భయపడతారు. ముందు పురుగును మార్చి చూడాలి. అప్పటికీ తినకపోతే, కళ్లు లోతుకు పోయి కనిపిస్తే, ఇలాంటి జంతువులను చూసే డాక్టరు దగ్గరికి ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి. కళ్లు లోతుకు పోవడం ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తు.

గుత్తి తమ్ముడు:

సార్, ఇదే నా మొదటి పద్యం. తప్పులుంటే చెప్పండి.

ఊసరవెల్లి యొకటి యున్నవన్నియు మాని
ఒక్క రుచినె కోరి యూరకుండె;
పురుగు మార్చి చూడఁ బొట్ట నిండెను గాని
నీటి గిన్నె చెంత నిలిచె దప్పి.

నిర్వాహకుడు:

తమ్ముడూ, భావం చక్కగా వచ్చింది. తిండి సమస్య తీరింది గానీ నీటి సమస్య తీరలేదని మూడో పాదాన్ని ‘గాని’తో సమస్యకు అతికించిన తీరు అనుభవం ఉన్నవాళ్లు చేసే పని. గణం ఒక్కచోటే తప్పింది. ‘ఊస’ గురువు, లఘువు; అది గలం, సూర్యగణం. దాని తర్వాత ‘రవెల్లి’ లఘువు, గురువు, లఘువు. అది జగణం, ఇక్కడ పనికిరాదు. ఆటవెలదిలో ఊసరవెల్లిని బేసి పాదాల నాలుగో గణంలో పెట్టాలి. ‘ఊసర’ ఒక గురువు, రెండు లఘువులతో భగణమై ఇంద్రగణంలో హాయిగా కూర్చుంటుంది. మాస్టారి మూడో పాదం చూడు. నీ మొదటి పాదాన్ని ఇలా మార్చుకో:

ఉన్న వన్ని మాని యూసరవెల్లియె

తతిమ్మా మూడు పాదాలూ నువ్వు రాసినట్టే ఉంచు.

గుత్తి తమ్ముడు:

చాలా థాంక్స్ సార్. నాలుగో గణం సంగతి ఇక మర్చిపోను.

ప్రొద్దుటూరు అక్క:

మావాడు మొదట గాజు పెట్టెలో పెట్టాడు. దాని మీద రాశాను.

అద్దమందు తనదు నాకృతి గనుగొని
పగతుఁ డంచు నెంచి నల్లనయ్యె;
గాజు పెట్టె లోన గాలి యాడని చోట
నీటి గిన్నె చెంత నిలిచె దప్పి.

కడప టీచరమ్మ:

అక్కా, కళ్లకు కట్టినట్టుంది. కానీ రెండో పాదంలో యతి పోయింది. ‘ప’కు ‘న’ కుదరదు. గణాలు సరే. నేనైతే ఇలా రాస్తాను: మేను నల్లఁబాఱె, మేత మాని. పగతుడు, అంటే శత్రువు, అనే మాట పోయినా మొదటి పాదంలోనే ఆ సంగతి తెలిసిపోతోంది. పైగా మేత మానేయడం కూడా వచ్చి చేరింది.

ఆదోని మాస్టారు:

టీచరమ్మ సవరణే సరి. గూడు విషయం ఇంకొంచెం చెప్పుకోవాలి, అక్క కొడుక్కి పనికొస్తుంది. గాజులో తన నీడనే ఇంకో ఊసరవెల్లి అనుకుని అది రోజంతా బెదిరి ఉంటుంది, గాలి కూడా కదలదు. నాలుగు పక్కలా జాలీ ఉన్న గూడు మేలు. వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. పెరిగిన యెమెన్ ఊసరవెల్లికి రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు ఉండాలి. అడ్డంగా, ఏటవాలుగా కొమ్మలు కట్టాలి, దాక్కోవడానికి ఆకులుండాలి. మందార, మనీ ప్లాంట్ అక్కడివాళ్లు ఎక్కువగా పెడతారు. మందారాకును అది కొరికి తింటుంది కూడా. పైకొమ్మ దగ్గర దీపం వేడి 30 నుంచి 35 డిగ్రీలు ఉంటే చాలు, కిందికి వచ్చేసరికి చల్లబడాలి. వేడి దీపంతో పాటు అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం వేరుగా ఉండాలి. అది లేకపోయినా, పురుగుల మీద కాల్షియం పొడి చల్లకపోయినా ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోతాయి.

ప్రొద్దుటూరు అక్క:

మాస్టారూ, వాడు కాల్షియం వేస్తున్నాడు. రెండో దీపం సంగతి ఈ రాత్రికే ఫోన్ చేసి అడుగుతాను. పురుగులు గూట్లోనే వదిలేస్తే తనకు ఆకలైనప్పుడు తింటుంది కదా అంటున్నాడు, అది మంచిదేనా?

ఆదోని మాస్టారు:

వద్దమ్మా. మిగిలిపోయిన కీచురాళ్లు రాత్రి పడుకున్న ఊసరవెల్లినే కొరుకుతాయి. సాయంత్రానికి తీసేయమనండి. ఇంకొకటి. ఆ పురుగులకు ముందురోజే ఆకుకూర, క్యారెట్ పెట్టి మేపాలి. పస్తున్న పురుగును తింటే ఊసరవెల్లికి ఒంటబట్టేదేమీ ఉండదు. పురుగు పొడవు దాని రెండు కళ్ల మధ్య ఎడానికి మించకూడదు.

కడప టీచరమ్మ:

ఇక నాది.

పైన సీస నుండి పడ బొట్టు బొట్టుగా
నాల్క సాఁచి యాకు నాకె నదియు;
మిగులు చుక్క లెల్ల మెల్లఁగాఁ జేరిన
నీటి గిన్నె చెంత నిలిచె దప్పి.

హిందూపురం అన్న:

అమ్మా, నమస్కారం! మేమందరం దప్పి ఉండిపోయిందని రాశాం, మీరు దప్పి ఆగిపోయిందని రాశారు. గిన్నెను తీసేయకుండా దాన్ని కిందికి దించి, పైన సీసా కట్టారు. చదవగానే ఆ గూడు ఎలా సర్దాలో కూడా తెలిసిపోతోంది.

ఆదోని మాస్టారు:

నాకు ఒక చిన్న అభ్యంతరం. ‘నాల్క సాఁచి’ అంటే పురుగు మీదికి విసిరినట్టు వినిపిస్తుంది. నీళ్లకు అలా విసరదు, బొట్టు దగ్గరికి నోరు చేర్చి మెల్లగా చప్పరిస్తుంది.

కడప టీచరమ్మ:

‘నాకె’ అన్న క్రియ ఆ మెల్లదనాన్ని ఇస్తుందనుకున్నాను మాస్టారూ. అన్న పద్యంలో ‘పాఱె’, ఇక్కడ ‘నాకె’. రెండు కదలికలకూ రెండు క్రియలు పడ్డాయి కాబట్టి ఉంచేస్తాను.

నిర్వాహకుడు:

నేనూ టీచరమ్మ వైపే. ఈ వారం మొదటి స్థానం ఈ పూరణకే. సమస్యలో ఒక్క అక్షరం కదల్చకుండా అర్థాన్ని తలకిందులు చేయడం అవధాన వేదిక మీద కూడా చప్పట్లు కొట్టించే పని. అక్కా, సీసా మూతకు సన్నటి రంధ్రం చేసి గూటి పైన పెట్టమనండి. బొట్లు మందారాకు మీదుగా కింది గిన్నెలోకి పోవాలి. పొద్దున, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చిలకరించమనండి. గూడు రాత్రికి ఆరిపోవాలి. గిన్నెను రోజూ కడగాలి. తప్పనిసరైతే తప్ప ఊసరవెల్లిని చేతిలోకి తీసుకోకపోవడమే దానికి ఇష్టం.

వచ్చే వారం సమస్య కూడా ఆటవెలది నాలుగో పాదమే.

రంగు మార్చు దాని రంగు నిజము

చుట్టూ ఉన్నదానికి తగ్గట్టు రంగు మార్చి మోసం చేస్తుందన్న పాత మాటతో పూరించవద్దు. ఊసరవెల్లి రంగు ముఖ్యంగా దాని వేడి, చలి, భయం, కోపాన్ని బట్టి మారుతుంది. మడగాస్కర్‌లోని పాంథర్ ఊసరవెల్లి చర్మంలో అతి సూక్ష్మమైన స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్ల రంగు మారుతోందని 2015లో శాస్త్రవేత్తలు చూపించారు. అక్క పద్యంలో నల్లబడిన మేను అబద్ధం చెప్పలేదు, తనకు బాగాలేదని చెప్పింది. అక్కడి నుంచి ఆలోచించండి. గడువు ఆదివారం రాత్రి వరకు. గుత్తి తమ్ముడు తప్పకుండా రాయాలి.