అప్‌డేట్: చికాగో జాజ్ ఫెస్టివల్‌కి వెళ్లొచ్చాను

రాగం, తాళం ముందే ఖాయం చేసుకోకుండా వాయించే బృందాలు కర్ణాటక సంగీతం విని పెరిగినవాళ్లకు ఎక్కుతాయా అని సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుకి ముందు ఇక్కడ అడిగాను కదా. వెళ్లమన్న అందరికీ ధన్యవాదాలు. చాలా బాగా ఎక్కింది!

మిలీనియం పార్క్‌లో ప్రవేశం ఉచితం. వెనక పచ్చిక మీద కూర్చున్నా, తలపైన ఉక్కు పందిరికి బిగించిన స్పీకర్ల వల్ల చిరుగంటల మోత కూడా స్పష్టంగా వినిపించింది. అది వినిపించడం ముఖ్యం, ఎందుకంటే శాక్సోఫోన్‌తో పాటు గంటలు, ఈలలు వాయించడం ఈ ఊరి సంప్రదాయం. 1965లో ఇక్కడే పుట్టిన ఏఏసీఎం అనే సంగీతకారుల సంఘం నుంచి వచ్చిన ఆర్ట్ ఎన్సెంబుల్ ఆఫ్ చికాగో బృందం దానికి పెద్ద పేరు తెచ్చింది.

"ట్యూన్ వెతకొద్దు, ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో వినండి" అని నా ప్రశ్నకు జవాబుగా ఒకరు రాశారు. ఆ సలహాయే నన్ను నిలబెట్టింది. కర్ణాటక కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం మాట్లాడుకోవడం మనకు తెలిసిందే. కాకపోతే అక్కడ చేత్తో తాళం వేసుకుంటూ ఉండొచ్చు. ఇక్కడ ఆ ఆసరా లేదు. బాస్ వాద్యం ఆగగానే డ్రమ్మర్ కర్రలు వదిలి బ్రష్‌లు అందుకున్నాడు, ట్రంపెట్ ఒట్టి ఊపిరిగా మారింది. ఎవరూ సైగ చేయలేదు!

మా ఆవిడకు మాత్రం గోల ఎక్కువై మధ్యలో లేచి వెళ్లింది. అదీ న్యాయమే.

చికాగోలోనే కాన్‌స్టెలేషన్ అనే వేదికలో ఏడాది పొడవునా ఇలాంటి కచేరీలు ఉంటాయట. శివార్లలోని నేపర్‌విల్, అరోరా వైపు నుంచి ఎవరైనా వస్తారా?